అరగంట మూత

ఆ మూత మీంచి చెయ్యి తియ్యి. అవును, నీకే చెప్తున్నాను. నేను వచ్చి కూర్చున్న ఈ కాసేపట్లోనే మూడుసార్లు ఎత్తావు. లోపల ఏముందో నీకు తెలుసు. ఎప్పటికి ఉడుకుతుందో తెలుసు. అయినా చెయ్యి ఆగదు. ఆకలి వేరు, ఆత్రం వేరు. ఆకలికి ఒక పూట తిండి పెడితే ఊరుకుంటుంది. ఆత్రానికి ఎంత పెట్టినా చాలదు. నీ ఇంట్లో ఉన్నది మామూలు స్లో కుక్కర్ కాబట్టి బతికిపోయావు. ఇలా కూర్చో, డెల్మర్ సంగతి చెప్తాను.

రాక్ నది ఒడ్డున మా ఊళ్ళో ఆదివారం తెల్లారిందని చెప్పేది చర్చి గంట కాదు, ఆర్లిస్ వంటింట్లో ఉల్లిపాయలు వేగే వాసన. ఆ ఏప్రిల్‌కి ఆర్లిస్‌కి ఎనభై నిండాయి. పెద్ద ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి నాలుగు పౌన్ల గొడ్డు మాంసం ఖీమా వేసి, బంగాళాదుంపలు మెదిపే కాడతో ఒక్క ఉండ కూడా మిగలకుండా పొడిపొడిగా చిదుపుతూ వేయించేది. కొవ్వు వంచేసేది. సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కాస్త ఆవముద్ద, చెంచాడు వెనిగర్, ఎముకల చారు ఒక కప్పు. కెచప్ చుక్క పడనిచ్చేది కాదు. "ఎర్రగా కారుతుంటే దాన్ని మాంసం అనరు, మరక అంటారు" అనేది. సరిగ్గా ఎనిమిదింటికి అదంతా స్లో కుక్కర్‌లోకి, అదే గంటలకొద్దీ ఉడికించే కరెంటు కుండలోకి వంపి, సన్న సెగ పెట్టి, గాజు మూత వేసేది. పన్నెండున్నరకి "అయింది" అనేది. అప్పుడు మెత్తటి బన్నుల్లోకి గరిటెతో ఎత్తి, పైన ఊరేసిన దోసకాయ చక్రాలు పెట్టి అందరికీ ఇచ్చేది. రాలిన పలుకులు ఏరుకోవడానికి తలా ఒక చెంచా.

ఆ కుండ ఆవాల రంగుది. దాని మీద గోధుమ రంగు పూలు. మామూలు ఇళ్ళల్లో మధ్యలో మూత ఎత్తితే వంట అరగంట వెనకబడుతుంది. ఆర్లిస్ కుండ అలా కాదు. మాంసం చెప్పిన వేళకే ఉడికేది. పోయే అరగంట మూత ఎత్తినవాడిది. ఆర్లిస్ "అయింది" అనకముందే ఎవరు మూత ఎత్తినా, చేతిలో మూతతో, కళ్ళద్దాల మీద ఆవిరితో, ఉన్నచోటే అరగంట నిలబడిపోయేవాడు. ఆ మనిషికి మాత్రం రెప్ప వేసి తీసినట్టే ఉండేది. ఆర్లిస్ కూతురు లవాన్ మూడో తరగతిలో ఒక సోమవారం అలాగే ఎత్తి బడి బస్సు అందుకోలేకపోయింది. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు ఒకసారి "అబ్బ, ఏం వాసన!" అంటూ ఎత్తి, తాను చదవాల్సిన ప్రార్థనకి ఆలస్యమయ్యాడు. ఎవరైనా అలా నిలబడితే ఇంట్లోవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళి తమ పని చూసుకునేవాళ్ళు.

ఆర్లిస్ కొడుకే డెల్మర్. అప్పటికి యాభై ఆరేళ్ళు. ధాన్యం గోదాములో పని. భార్య పోయి పన్నెండేళ్ళు. తాగుడు లేదు, అబద్ధం లేదు, ఒకరి సొమ్ముకి ఆశపడింది లేదు. ఉన్నదల్లా ఒక్కటే రోగం, మూసినది మూసినట్టు ఉంచలేడు. పుట్టినరోజు పొట్లం ఎవరిదైనా తనే ముందు విప్పాలి. ఎవరి మాటైనా సగంలో తనే అందుకుని పూర్తి చెయ్యాలి.

అప్పటికి ఎనిమిదేళ్ళ క్రితం ఆయన కూతురు మారెన్ పేరు మీద పశువైద్య కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. పిల్ల పనికి వెళ్ళింది. ఈయన విప్పాడు, చదివాడు, సీటు వచ్చిందని పొంగిపోయి గోదాము దగ్గర కాఫీ తాగేవాళ్ళందరికీ చెప్పాడు. సాయంత్రం మారెన్ ఇంటికొచ్చే దారిలో పెట్రోలు పోసే పిల్ల, తపాలావిడ, చివరికి వీధి చివర కుక్కని తిప్పుతున్న ముసలాయన కూడా అభినందనలు చెప్పారు. దేనికో ఆ పిల్లకి తెలియదు. ఇంటికొచ్చి బల్ల మీద చింపిన కవరు చూసింది. ఆ కవరు ముట్టుకోలేదు. ఆ కళాశాలకీ వెళ్ళలేదు. వారం తిరక్కుండా మిన్నెసోటా రాష్ట్రం వెళ్ళిపోయి పాల లారీ నడపడం నేర్చుకుంది. ఆ ముందు ఏడు పెళ్ళి చేసుకుంటే ఆ సంగతి తండ్రికి కార్డు మీద తెలిసింది.

చిన్న విషయం కదా అంటావు. నీ పొట్లం ఇంకొకడు విప్పేదాకా ఎవరికైనా చిన్న విషయమే.

అలాంటి మారెన్ ఆ ఏప్రిల్లో నాన్నమ్మకి ఫోన్ చేసింది. "ఆదివారం మీ ఊరి మీదుగా పాలు తీసుకెళ్తున్నా నాన్నమ్మా. పన్నెండున్నరకి వస్తా. ఒంటిగంటంబావుకి బయల్దేరాలి, పాలు ఆగవు. నాన్నని కూడా ఉండమను. ఆయనకో మాట చెప్పాలి."

ఇక ఆ ఇంట్లో సందడి చూడాలి! లవాన్ శనివారమే వచ్చి కిటికీ అద్దాలు తుడిచింది. క్యారెట్ తురుము వేసిన నారింజ రంగు జెల్లీ రెండు గిన్నెలు చేసింది. ఆమె మొగుడు వెండెల్ వీధంతా అడుగులు వేస్తూ కొలిచాడు. "పద్దెనిమిది చక్రాల బండి! మలుపు తిరగాలంటే ఆ కార్లన్నీ తియ్యాలి" అని ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టాడు. ఏళ్ళుగా పలకరింపుల్లేని పొరుగువాళ్ళు కూడా తాళాలు పట్టుకుని బయటికొచ్చి కార్లు తీశారు. డెల్మర్ అయితే రాత్రి నిద్రపోలేదు. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. నేను తప్పు చేశాను. అది నీ ఉత్తరం. నీ సంతోషం నేను తినేశాను. నన్ను క్షమించు. అంతే. ఆ నాలుగూ కూతురి ముందు నిలబడి చెప్పాలి. అది తప్ప ఆయనకి ఆ రోజు ఇంకేమీ అక్కర్లేదు.

ఆదివారం ఎనిమిదింటికి మూత పడింది. ఎనిమిదిన్నరకి అందరూ చర్చికి బయల్దేరి కారు ఎక్కారు. డెల్మర్ ఎక్కలేదు.

"అన్నయ్య ఏడీ?" అంది లవాన్.

వెండెల్ దిగి లోపలికి వెళ్ళి చూసొచ్చాడు. "నిలబడ్డాడు. చేతిలో బెల్లం రంగు పంచదార పొట్లం ఉంది, సగం కుండలో పడింది. తీసి గట్టు మీద పెట్టొచ్చాను."

"పంచదారా!" ఆర్లిస్ సీట్లోంచి సగం లేచింది. "నా మాంసంలో పంచదారా?"

"మారెన్‌కి చిన్నప్పుడు తీపంటే ఇష్టంలే అత్తయ్యా."

"చిన్నప్పుడు బలపాలు కూడా తినేది. అవీ వేస్తాడా? పోనీ బండి."

ప్రసంగం మధ్యలో డెల్మర్ చర్చి తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళద్దాలు ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. పాస్టరు ఆగి, "డెల్మర్, ఉడకడానికి ఇంకెంతసేపు పడుతుంది?" అన్నాడు. చర్చి అంతా నవ్వింది. డెల్మర్ కూడా నవ్వాడు. నవ్వి ఊరుకునే తప్పులే మనిషికి అలవాటవుతాయి. ఇది గుర్తుంచుకో.

ఇంటికొచ్చాక లవాన్ సొరుగులోంచి పురికొస తీసింది. "అమ్మా, ఈ మూత కట్టేస్తా. అన్నయ్య సంగతి తెలిసిందే కదా."

"వద్దు" అంది ఆర్లిస్. "మూతకి తాడు కట్టుకోవాల్సిన ఇంట్లో వంట చెయ్యడమే దండగ. యాభై ఆరేళ్ళవాడు. వాడి చేతికి తాడు వాడే కట్టుకోవాలి."

నన్నడిగితే ఆవిడ అన్నదే సబబు.

పదకొండింటికి డెల్మర్‌కి అనుమానం పుట్టింది. పంచదార కరిగిందా, ఒకచోటే ముద్దకట్టిందా? చూస్తే పోయేదేముంది? ఎత్తాడు. అరగంట పోయింది. ఆ అరగంటలో లవాన్ ఆయన చుట్టూ తిరిగి బల్ల మీద గుడ్డ పరిచింది, పళ్ళేలు సర్దింది, తడి గుడ్డ ఆరేసుకోవడానికి చోటు లేక ఆయన మోచేతి మీద వేసింది. కళ్ళద్దాల ఆవిరి తగ్గేసరికి ఎదురుగా తల్లి నిలబడి ఉంది.

"టైమెంతయిందో చూడు."

"పదకొండున్నరా! అమ్మా, ఊరికే ఒక్కసారి…"

"ఒరేయ్ డెల్మర్, నా మాట విను. మాంసం దానంతటదే ఉడుకుతుంది. నువ్వు చూసినా ఉడుకుతుంది, చూడకపోయినా ఉడుకుతుంది. పిల్ల మాత్రం ఆగదు. ముప్పావుగంట. ఎనిమిదేళ్ళకి ముప్పావుగంట ఇచ్చింది. అర్థమవుతోందా?"

"అవుతోందమ్మా."

"మళ్ళీ ముట్టుకుంటావా?"

"ముట్టుకోను. చచ్చినా ముట్టుకోను."

నిజంగానే బయటికి వెళ్ళి గుమ్మం మెట్ల మీద కూర్చున్నాడు. వెండెల్ పక్కన చేరాడు. డెల్మర్ కాగితం తీసి, వెండెల్‌ని మారెన్ అనుకుని నాలుగు వాక్యాలూ చెప్పి చూశాడు. మూడో వాక్యం రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

"బాగుంది బావా" అన్నాడు వెండెల్ ముక్కు తుడుచుకుంటూ. "నాకే క్షమించాలనిపిస్తోంది. మొన్న నా గడ్డి కోసే మిషను పాడుచేశావు కదా, అదీ క్షమించేశా పో!"

పన్నెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి ఫోన్ మోగింది. "నాన్నమ్మా! పెద్ద రోడ్డు దిగాను. నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది!"

"వచ్చేస్తోంది!" అని లవాన్ వేసిన కేకకి ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. వెండెల్ ఎర్ర గుడ్డ ఒకటి పట్టుకుని మలుపు దగ్గరికి పరిగెత్తాడు. లవాన్ చెప్పులు లేకుండానే వెనకాల పరిగెత్తింది. ఆర్లిస్ వాకిట్లో నిలబడి జుట్టు సర్దుకుంది. దూరంగా లారీ హారన్ మోగింది. డెల్మర్ మెట్ల మీంచి లేచాడు. అరచేతులు చెమటతో జిగటగా ఉన్నాయి. కూతురి చెయ్యి పట్టుకోవాలి కదా అని వంటింట్లోకి వెళ్ళి కడుక్కున్నాడు.

చేతులు తుడుచుకుంటుంటే వాసన తగిలింది. అంచు దగ్గర మాడుతోందా? పంచదార వేశాడు కదా, పంచదార మాడుతుంది. కూతురికి మాడిన మాంసం పెడతాడా? ఇంకా ఐదు నిమిషాలుంది. ఒక్కసారి, కంటి కొసతో.

ఎత్తాడు.

లారీ వచ్చి ఆగింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. పైనుంచి దూకింది మారెన్. ఇరవై ఏడేళ్ళు, ఎండకి కమిలిన మొహం, మోకాళ్ళదాకా బూట్లు. నాన్నమ్మని వాటేసుకుని గిర్రున తిప్పింది. "అత్తా, నీ చెప్పులేవీ?" అని నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి, "నాన్నేడి?" అంది.

ఆర్లిస్ వంటింటివైపు చూపించింది.

మారెన్ వెళ్ళి తండ్రి ఎదురుగా నిలబడింది. తెరిచిన కళ్ళు, అద్దాల మీద ఆవిరి, కుడిచేతిలో మూత, జేబులోంచి తొంగి చూస్తున్న కాగితం.

"ఎప్పుడు ఎత్తాడు?"

"నువ్వు హారన్ కొట్టినప్పుడు" అంది ఆర్లిస్. "పన్నెండు ఇరవై ఐదయింది అప్పుడు. పన్నెండు యాభై ఐదుకి కదులుతాడు. వడ్డించెయ్యనా?"

"వద్దు నాన్నమ్మా. నువ్వింకా 'అయింది' అనకు. నాన్న కదిలాకే తిందాం. ఇరవై నిమిషాలుంటుంది ఇంకా, చాలు."

అలా ఆ పిల్ల ఆగింది. పొద్దున నాలుగింటి నుంచి బండి నడిపి, ఆకలితో కడుపు మాడుతున్నా, బన్ను ముక్క కూడా నోట్లో పెట్టకుండా ఆగింది. అందరూ బల్ల చుట్టూ కూర్చుని లారీ కబుర్లు చెప్పుకున్నారు. మంచులో జారిన కబుర్లు, పాల కేంద్రం దగ్గర గొడవపడే పిల్లుల కబుర్లు. కానీ మాట్లాడుతున్నంతసేపూ అందరి కళ్ళూ గోడ గడియారం మీదే. యాభై. యాభై మూడు. లవాన్ గోళ్ళు కొరుక్కుంటోంది. వెండెల్ ఊపిరి బిగపట్టాడు. యాభై ఐదు.

డెల్మర్ భుజం కదిలింది. మూత కిందికి దిగి కుండ మీద టక్కుమంది.

"నాన్నా!" అని మారెన్ కుర్చీ తోసుకుని లేచింది.

నువ్వైతే ఏం చేసేవాడివో నాకు తెలియదు. డెల్మర్ ఏం చేశాడో చెప్తాను. ఆయన లెక్కలో తాను మూత ఎత్తి అప్పుడే పెట్టాడు. లారీ ఇంకా మలుపు దగ్గరే ఉంది. వెనకనుంచి ఎవరో ఆడగొంతు. తల్లి తిట్టబోతోందనుకున్నాడు. అంచు మాడిందో లేదో ఆవిరిలో సరిగ్గా ఆనలేదు. తల్లి చెయ్యి పట్టుకునేలోపు గబుక్కున ఇంకొక్కసారి చూసెయ్యాలనుకున్నాడు.

"అన్నయ్యా, వద్దు!" లవాన్ కేక వేసింది. వెండెల్ బల్ల మీంచి దూకబోయి జెల్లీ గిన్నెలో చెయ్యి పెట్టాడు.

మూత మళ్ళీ లేచింది.

ఆవిరి నెమ్మదిగా పైకి పోతోంది. మారెన్ గడియారం చూసింది. ఒకటీ ఇరవై ఐదుకి గానీ కదలడు. తను ఒంటిగంటంబావుకి వెళ్ళిపోవాలి.

"సరే" అంది. "అయింది అను నాన్నమ్మా."

"అయింది" అంది ఆర్లిస్. కొడుకు చేతి కిందనుంచే గరిటె పెట్టి మాంసం తీసింది. మారెన్ తన బన్ను పుచ్చుకుని తండ్రి పక్కనే నిలబడి తింది.

"తియ్యగా ఉందే" అంది.

"వాడే వేశాడు. నీకోసం."

మారెన్ నమలడం ఆపేసింది. కాసేపటికి మిగతాది కూడా తినేసి, చెంచాతో పలుకులు ఏరుకుని, చేతులు కడుక్కుంది. తర్వాత తండ్రి కళ్ళద్దాలు తీసి, తన చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టింది.

"నాన్నా, నా మాట మధ్యలో అందుకోకుండా నువ్వు వినడం పుట్టి బుద్ధెరిగాక ఇదే" అంది. వెండెల్ కిసుక్కుమన్నాడు. లవాన్ మోచేత్తో పొడిచింది. మారెన్ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నాకు బిడ్డ పుట్టబోతోంది నాన్నా. అక్టోబరులో. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాన్నమ్మకి కూడా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలని నోరు కట్టుకుని వచ్చాను. చెప్పి, ఈ కబురు నీదే, పో, ఊరంతా చాటుకో, గోదాము దగ్గర అందరికీ నువ్వే చెప్పుకో అందామనుకున్నా. నాకింక కోపం లేదు, ఆ సంగతి నీకు అలా తెలుస్తుందనుకున్నా."

లవాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వెండెల్ జెల్లీ చేత్తోనే చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఆర్లిస్ మనవరాలిని దగ్గరకి తీసుకుంది. ఆ వంటింట్లో అంత సంతోషం ఒక్కసారిగా ఎప్పుడూ నిండలేదు. ఆ సంతోషం మధ్యలో డెల్మర్ మూత పట్టుకుని నిలబడే ఉన్నాడు.

గుమ్మం దగ్గర ఆర్లిస్ అడిగింది. "వాడు కదిలాక మేం చెప్పమా?"

"వద్దు నాన్నమ్మా. మీరెవరూ చెప్పొద్దు. మొదటిసారి చెప్పడమన్నది ఒక్కసారే ఉంటుంది. అది నాన్నకి ఇచ్చేశాను. ఇంకో మొదటిసారి నా దగ్గర లేదు."

ఒంటిగంటంబావుకి లారీ కదిలింది. వెండెల్ ఎర్ర గుడ్డ ఊపుతూ మలుపుదాకా ముందు నడిచాడు.

ఒకటీ ఇరవై ఐదుకి డెల్మర్ మూత పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "మాడలేదమ్మా! ఎక్కడా మాడలేదు! పిల్ల మలుపు తిరిగిందా?"

గాజు మూతలోంచి లోపలికి చూశాడు. కుండ అడుగు కనిపించింది. బల్ల మీద ఐదు పళ్ళేలు, అందులో నాలుగు ఎంగిలివి. పరుగున వాకిట్లోకి వెళ్ళాడు. పొరుగువాళ్ళు తమ కార్లు మళ్ళీ ఎవరి చోట్లోకి వాళ్ళు తెచ్చుకుంటున్నారు.

ఆ వారమే కూతురికి ఫోన్ చేసి నాలుగు వాక్యాలూ చెప్పాడు. ఆ పిల్ల అన్నీ విని, "సరే నాన్నా" అంది. నిజంగానే క్షమించింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేది కూడా. "ఆ రోజు ఏదో చెప్పాలన్నావట?" అని ఒక్కసారి అడిగాడు. "చెప్పాను నాన్నా" అంది. ఇంక అడగలేదు. అడిగే హక్కు తనకి లేదని ఆయనకి అర్థమైంది. ఆ మాత్రం బుద్ధి వచ్చింది, కాదనను.

ఆ వేసవి అంతా ఆర్లిస్ తెల్ల ఊలు అల్లుతూనే ఉంది. ఎవరికోసమో ఆయన అడగలేదు. లవాన్ ఫోన్ పట్టుకుని పేర్లు చదివి నవ్వుకుంటుంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వెండెల్ వడ్రంగి కొట్లో చిన్న ఉయ్యాల ఒకటి పసుపు రంగు పూసుకుంటోంది. డెల్మర్ చూసి, ఎవరో చేయించుకుంటున్నారనుకున్నాడు. అక్టోబరులో ఒక పొద్దున తల్లి ఉతికిన చొక్కా వేసుకోమంది. కారులో నాలుగు గంటలు కూర్చుని, ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టాక తెలిసింది ఆయనకి, తాను తాతనయ్యానని. మనవరాలిని చేతుల్లో పెట్టారు. దండిగా, చక్కగా ఉంది పిల్ల. అక్కడున్న అందరూ ఆ పిల్ల కోసం ఆరు నెలలు ఎదురుచూశారు. వారాలు లెక్కపెట్టారు, పేర్ల కోసం పోట్లాడుకున్నారు, కడుపులో తన్నిందని ఫోన్ వస్తే ఇల్లంతా గంతులేశారు. డెల్మర్‌కి పిల్ల దక్కింది. ఎదురుచూడడం దక్కలేదు.